రైస్ మిల్లులో బిల్లింగ్ నత్తనడక: కొత్త సర్వర్ కొనాలా, వైరింగ్ మార్చాలా?

మండపేట మిల్లు | ఏప్రిల్ 11, రాత్రి 9.40

అందరికీ నమస్కారమండి. మాది మండపేట దగ్గర రైస్ మిల్లు. దాళ్వా (రబీ వరి) కోతలు మొదలై ధాన్యం లారీలు వరసగా వస్తున్నాయి. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నాలుగేళ్ల కిందట పెట్టించాం. డేటా అంతా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, అదే మా సర్వర్. మిగతా 8 దానికి కలిసి పనిచేస్తాయి. ఆఫీసులో 5, కాటా గదిలో 1, గోడౌన్లో 1, నాన్నగారి గదిలో 1.

ఉదయం బాగానే ఉంటుంది. 11 దాటితే కాటా తూకం సేవ్ అవడానికి 40 సెకన్లు పడుతోంది. ఆ సమయంలో ఆఫీసులో కూడా అందరి స్క్రీన్లూ ఆగిపోతాయి. మొన్న గుమాస్తా సేవ్ అవలేదనుకుని రెండోసారి నొక్కితే ఒక రైతు లోడు రెండుసార్లు ఎక్కింది. ఇంకొకరిది అసలు ఎక్కలేదు. ఆయన 75 కేజీల బస్తాలు లెక్కపెట్టి మరీ పంపిన మనిషి. ఆయన ముందు నిలబడి సమాధానం చెప్పడం చాలా కష్టమైంది.

సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు కొత్త సర్వర్ కొనమంటున్నారు, కోటేషన్ 2,80,000. పని జరుగుతుందంటే నాన్నగారు ఇవ్వడానికి సిద్ధమే. అంత పెట్టాక కూడా ఇలాగే ఉంటే? నా టెన్షన్ అదే. ఇప్పుడున్నది ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10.

తణుకు కేబులింగ్ | ఏప్రిల్ 11, రాత్రి 10.15

కోటేషన్ మీద సంతకం పెట్టకండి. ముందు రెండు పనులు చేయండి, ఖర్చేం ఉండదు.

ఆఫీసులో ఒక కంప్యూటర్ దగ్గర, కాటా గది కంప్యూటర్ దగ్గర కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్వర్ ఐపీకి (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) పింగ్ పెట్టండి, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. చివర మైనస్ టి పెడితే ఆగకుండా నడుస్తుంది. మధ్యాహ్నం లారీలు ఉన్నప్పుడు పది నిమిషాలు వదిలేయండి. ఒకే ఆవరణలో వైరు మీద వెళ్లే నెట్‌వర్క్‌లో జవాబు 1 మిల్లీసెకను లోపే రావాలి. ఒక్కటి కూడా పోకూడదు.

రెండోది, నెట్‌వర్క్ స్టేటస్‌లో స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి. 1 జీబీపీఎస్ అని ఉండాలి. 100 అని ఉంటే స్విచ్ (కంప్యూటర్ల వైర్లన్నీ కలిపే డబ్బా) పాతదైనా కావాలి, వైరులో ఒక జత తెగైనా ఉండాలి. కేబుల్లో 8 తీగలుంటాయి. 100 స్పీడుకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. అందుకే మిగతా నాలుగింట్లో ఒక తీగ పోయినా లైను ఆగదు, స్పీడు మాత్రం పడిపోతుంది, ఎవరికీ తెలియదు.

కాటా గది ఆఫీసుకి ఎంత దూరం?

పాలకొల్లు డేటాబేస్ | ఏప్రిల్ 12, ఉదయం 6.50

ఇంకో ప్రశ్న. ఈ సాఫ్ట్‌వేర్ డేటాని ఎలా తీసుకుంటోంది? సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్ ప్రోగ్రామ్ నడుస్తోందా, లేక ఒక ఫోల్డర్‌ని షేర్ చేసి జడ్ డ్రైవ్ అని అందరికీ తగిలించారా?

రెంటికీ చాలా తేడా ఉంది. షేర్ ఫోల్డర్ పద్ధతిలో ఒక రైతు ఖాతా కావాలంటే మీ కంప్యూటరే ఫైల్లోకి వెళ్లి వెతుక్కోవాలి. పుస్తకంలో పేజీలకు పేజీలు వైరు మీద వస్తాయి. డేటాబేస్ సర్వర్ అయితే ప్రశ్న ఒక్కటే వెళ్తుంది, వెతకడం అక్కడే జరిగి జవాబు మాత్రం వస్తుంది. మొదటి రకమైతే ఎంత పెద్ద సర్వర్ కొన్నా వైరే అడ్డం.

మండపేట మిల్లు | ఏప్రిల్ 12, సాయంత్రం 5.30

ఇద్దరికీ చాలా థాంక్సండి. చెప్పినట్టే చేశాను.

సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (దాని ఉచిత రకం) ఉంది. షేర్ ఫోల్డర్ కాదు.

ఆఫీసు నుంచి పింగ్ అంతా 1 లోపే. కాటా గది నుంచి 3, 180, 95 ఇలా వస్తోంది, మధ్యమధ్య రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. నూటికి 14 పోయాయి. నిన్న రాత్రి మోటార్లు ఆపాక పెట్టినప్పుడు మాత్రం ఒకటో రెండో పోయాయి. అక్కడ స్పీడ్ 100 చూపిస్తోంది, ఆఫీసులో 1 జీబీపీఎస్.

దూరం టేపుతో కొలిపించాను, వైరు వెళ్లిన దారిన 130 మీటర్లు. గేటు పక్కనుంచి డ్రయ్యర్ షెడ్డు మీదుగా వెళ్తుంది. మధ్యలో ఒకచోట జాయింట్ ఉంది, తీగలు చుట్టి నల్ల టేపు వేశారు. ఎప్పుడో లారీ తగిలి తెగితే మా ఎలక్ట్రీషియన్ కలిపాడట.

తణుకు కేబులింగ్ | ఏప్రిల్ 12, సాయంత్రం 6.05

దొరికింది. రాగి నెట్‌వర్క్ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు, రెండు చివర్లా తగిలించే పొట్టి వైర్లతో (ప్యాచ్ కార్డులు) కలిపి. మీది 130, దాంట్లో చేత్తో చుట్టిన జాయింటు. ఆ కేబుల్లో తీగలు జతలుగా మెలిపెట్టి ఉంటాయి, బయటి కరెంటు రొద లోపలికి రాకుండా చేసేది ఆ మెలికే. విప్పి ఎలాగోలా చుట్టేస్తే అక్కడ రక్షణ పోతుంది. పైగా డ్రయ్యర్ మోటార్ల కరెంటు వైరు పక్కనే వెళ్తోందేమో చూడండి. రాత్రి బాగుండి పగలు పాడవుతోందంటే నాకు ఆ అనుమానమే బలంగా ఉంది.

మండపేట మిల్లు | ఏప్రిల్ 12, సాయంత్రం 6.20

అవునండి, రెండూ ఒకే పైపులో వెళ్తున్నాయి.

కానీ ఒక సందేహం. కాటా గది వైరు పాడైతే కాటా గది ఆగాలి గానీ, ఆఫీసులో ఐదుగురూ ఎందుకు ఆగుతున్నారు? వాళ్ల పింగ్ బాగానే ఉంది కదా. సాఫ్ట్‌వేర్ వాళ్లు సర్వర్‌దే తప్పు అనడానికి చూపిస్తున్న కారణం ఇదే.

పాలకొల్లు డేటాబేస్ | ఏప్రిల్ 12, రాత్రి 8.45

చాలా మంచి ప్రశ్న. ఇక్కడే ఎక్కువమంది పొరపాటున కొత్త మెషిన్ కొనేస్తారు.

తూకం సేవ్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్క పని చేయదు. టోకెన్ రాయాలి, రైతు ఖాతాలో జమ చేయాలి, ధాన్యం స్టాకు పెంచాలి. ఈ మూడూ కలిపి ఒక లావాదేవీ. జరిగితే మూడూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. అది పూర్తయ్యేదాకా ఆ స్టాకు వరసకి డేటాబేస్ తాళం వేసి ఉంచుతుంది, వేరేవాళ్లు మార్చకుండా. ఆఫీసు వైరు మీద ఇదంతా కనుమూసి తెరిచేలోపు అయిపోతుంది.

కాటా గది నుంచి మొదటి ఆదేశం వచ్చింది, తాళం పడింది. రెండో ఆదేశం మీ టేపు జాయింటు దగ్గర పోయింది. మళ్లీ పంపేదాకా తాళం అలాగే ఉంది. ఆ లోపు ఆఫీసులో ఎవరు స్టాకు తాకినా వరసలో నిలబడాలి. రేవులో ఒక పడవ అడ్డం తిరిగితే వెనక పడవలన్నీ ఆగినట్టు.

సర్వర్‌లో మేనేజ్‌మెంట్ స్టూడియో (డేటాబేస్ లోపల చూసే ప్రోగ్రామ్) తెరిచి, అందరూ ఆగిన క్షణంలో యాక్టివిటీ మానిటర్ చూడండి. బ్లాక్‌డ్ బై అనే గడిలో ఒకే నంబరు వరసగా కనిపిస్తుంది. ఆ నంబరు కాటా గది కంప్యూటర్‌దైతే ఇక వాదన అక్కర్లేదు, ఆ స్క్రీన్ ఫోటో తీసి సాఫ్ట్‌వేర్ వాళ్లకి పంపండి.

లోడు రెండుసార్లు ఎక్కడం మాత్రం వాళ్లు సరిచేయాల్సిందే. ఒకే టోకెన్ నంబరు రెండోసారి రాకుండా డేటాబేస్‌లోనే కట్టడి పెట్టమనండి. వైరు బాగుపడినా అది ఉండాలి. రైతు కష్టం అక్షరాల్లో ఉన్నది అక్కడే.

కాకినాడ అకౌంట్స్ | ఏప్రిల్ 13, ఉదయం 10.20

నేను అకౌంటెంట్‌ని, నాలుగు సంస్థల లెక్కలు చూస్తాను. ఇంత వైరింగ్ బాధ ఎందుకు, క్లౌడ్‌లో పెట్టేయవచ్చు కదా? ఆఫీసులో సర్వర్ అనేదే ఉండదు.

పాలకొల్లు డేటాబేస్ | ఏప్రిల్ 13, ఉదయం 11.00

మేడమ్, బ్రౌజర్‌లో నడిచేలా రాసిన సాఫ్ట్‌వేర్ అయితే మీ మాట సరైనదే. ఇది అలా రాసింది కాదు. ఇలాంటివి ఒక స్క్రీన్ తెరవడానికి వందల చిన్న ప్రశ్నలు వేస్తాయి. 500 ప్రశ్నలు అనుకోండి. ఆఫీసు వైరు మీద ఒక్కోదానికి 1 మిల్లీసెకను, మొత్తం అర సెకను. అదే ఇంటర్నెట్ మీద ఒక్కోదానికి 30 అయితే 15 సెకన్లు. స్పీడ్ ప్లాన్ పెంచినా ఇది తగ్గదు, ఎందుకంటే ఆలస్యం వెడల్పుది కాదు, దూరానిది.

దూరం నుంచి వాడాల్సినవాళ్లకి రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి మేలు. ప్రోగ్రామ్ సర్వర్ పక్కనే నడుస్తుంది, మనకి బొమ్మ మాత్రం వస్తుంది.

తాడేపల్లిగూడెం హోల్‌సేల్ | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1.30

రిమోట్ డెస్క్‌టాప్ మాట వచ్చింది కాబట్టి మాకు జరిగింది చెప్తాను, ఇంకొకరికి జరగకూడదు.

ఇంటి నుంచి బిల్లులు చూసుకోవాలని రౌటర్‌లో 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికొచ్చే గుమ్మం, తెరిపించాం. పాస్‌వర్డ్ షాపు పేరూ, పక్కన 123. ఒక ఆదివారం రాత్రి ఎవరో లోపలికొచ్చారు. సోమవారం పొద్దున్న ఫైళ్లన్నీ తాళాలే, డబ్బులడుగుతూ ఒక చీటీ. బ్యాకప్ ఉందిలే అనుకున్నాం. ఆ హార్డ్ డిస్క్ రోజూ సర్వర్‌కే తగిలించి ఉంటుంది. అదీ పోయింది. జీఎస్టీ రిటర్నుల్లో ఉన్న బిల్లులు, డాట్ మ్యాట్రిక్స్ కార్బన్ కాపీలు పెట్టుకుని మూడు నెలలు కూర్చుని మళ్లీ ఎక్కించాం. మా ఆవిడ, నేను, ఇద్దరు గుమాస్తాలు.

దయచేసి ఆ పోర్టు నేరుగా తెరవకండి. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మనకే తెరుచుకునే తాళం ఉన్న దారి) పెట్టుకోండి. బ్యాకప్ డిస్కులు రెండు ఉంచి, ఒకటి ఎప్పుడూ ఊడదీసి ఇంట్లో బీరువాలో పెట్టండి.

కాకినాడ అకౌంట్స్ | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2.10

చదివి మనసు పాడైందండి. నా క్లయింట్లలో ఇద్దరికి అదే పోర్టు తెరిచి ఉంది. ఈరోజే మూయిస్తాను.

మండపేట మిల్లు | ఏప్రిల్ 14, రాత్రి 10.00

ఫోటో తీశాను. బ్లాక్‌డ్ బై గడిలో ఆరు వరసల్లో ఒకే నంబరు, అది కాటా గదిదే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి పంపితే ఒప్పుకున్నారు. టోకెన్ కట్టడి కూడా వారంలో పెడతామన్నారు.

ఇప్పుడు వైరు ఎలా వేయించాలి? మధ్యలో ఇంకో స్విచ్ పెడితే 100 మీటర్ల హద్దు తీరుతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.

తణుకు కేబులింగ్ | ఏప్రిల్ 15, ఉదయం 7.30

దూరం తీరుతుంది, మాట నిజమే. కానీ డ్రయ్యర్ షెడ్డులో స్విచ్ పెడితే ఊక దుమ్ము పట్టి, వేడికి ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. దానికి మళ్లీ కరెంటు, యూపీఎస్. అన్నిటికంటే ముఖ్యం పిడుగు. ఆరుబయట 130 మీటర్ల రాగి తీగ అంటే పిడుగు పడ్డప్పుడు కాటా గదిలో పుట్టిన వోల్టేజీని ఆఫీసు దాకా మోసుకొచ్చే దారి. నేను చూసిన కాలిపోయిన స్విచ్‌లలో ఎక్కువ ఇలా రెండు బిల్డింగుల మధ్య రాగి వేసినచోటే.

ఫైబర్ వేయండి. గాజు తీగ, కరెంటు మోయదు, మోటార్ల రొద అంటదు, 130 మీటర్లు దానికి లెక్కే కాదు. 4 కోర్ల (లోపల నాలుగు గాజు పోగులు) సింగిల్ మోడ్ రకం తీసుకోండి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ వైరుకి కలిపే డబ్బాలు. ఇంటర్నెట్ వాళ్లు ఇళ్లకి వేసే ఫైబర్లో పక్కన ఒక స్టీలు తీగ ఉంటుంది, స్తంభానికి వేలాడదీయడానికి. అది వాడితే ఆ స్టీలు తీగని రెండు బిల్డింగుల్లోనూ గోడ బయటే ఆపేయండి. లోపలికి తెస్తే గాజు వేసిన లాభం పోతుంది.

లోపల వేసే నెట్‌వర్క్ కేబుల్ (క్యాట్ 6) మాత్రం అసలు రాగి అడగండి. తక్కువ ధరకి వచ్చేదాంట్లో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

భీమవరం ఐస్ ప్లాంట్ | ఏప్రిల్ 15, ఉదయం 9.15

రొయ్యల వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఐస్ ప్లాంట్ దగ్గర అమ్మోనియా రాగిని తినేస్తుంది. మా స్విచ్ కంప్రెసర్ గది పక్క గోడకి ఉండేది, పోర్టుల్లో పచ్చగా పట్టి ఒక్కొక్కటీ పోయాయి. ఆఫీసు గదిలోకి మార్చాక ఆ గొడవ లేదు.

మండపేట మిల్లు | ఏప్రిల్ 15, రాత్రి 9.00

ఫైబర్‌కే నాన్నగారు సరేనన్నారు. కరెంటు విషయం కూడా అడగాలి. లైను పోయి జనరేటర్ ఎక్కే పది సెకన్లలో సగంలో ఉన్న బిల్లులు పోతున్నాయి. అన్ని కంప్యూటర్లకీ యూపీఎస్‌లు ఉన్నాయి మరి.

తణుకు కేబులింగ్ | ఏప్రిల్ 15, రాత్రి 9.20

స్విచ్‌కి ఉందా?

మండపేట మిల్లు | ఏప్రిల్ 15, రాత్రి 9.35

లేదండి. గోడ ప్లగ్గుకే ఉంది. రౌటర్ కూడా.

తణుకు కేబులింగ్ | ఏప్రిల్ 16, ఉదయం 6.40

పది చోట్లకి వెళ్తే ఆరు చోట్ల ఇదే చూస్తాను. కంప్యూటర్లన్నీ వెలుగుతూ ఉంటాయి, మధ్యలో వాటిని కలిపే డబ్బా ఆరిపోతుంది. అది మళ్లీ లేచేదాకా ఎవరికీ సర్వర్ కనపడదు.

సర్వర్, స్విచ్, రౌటర్, ఆఫీసు వైపు కన్వర్టర్ ఈ నాలుగూ ఒక 1 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ మీద పెట్టండి. ఆన్‌లైన్ రకంలో కరెంటు ఎప్పుడూ ఇన్వర్టర్ గుండానే వస్తుంది కాబట్టి మారే గ్యాప్ ఉండదు. మోటారు స్టార్టయినప్పుడు వోల్టేజీ పడిపోవడం కూడా సర్వర్ దాకా రాదు. అందులో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు 3 ఉంటాయి. ఒక్కోటి 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అయితే కాగితం మీద 252 వాట్ అవర్లు. 250 వాట్ల లోడుకి గంట వస్తుందనుకోకండి, అరగంట కూడా కష్టం. మీకు జనరేటర్ ఉంది కాబట్టి చాలు. యూఎస్‌బీ వైరు సర్వర్‌కి తగిలించి, బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనంతట తను పద్ధతిగా ఆగేలా పెట్టండి. కాటా గది కన్వర్టర్‌ని అక్కడి కంప్యూటర్ యూపీఎస్‌కే తగిలించండి.

ఎర్తింగ్ కొలిపించండి. మన దగ్గర నేలలో తేమ ఉంటుందని అందరూ ధైర్యంగా ఉంటారు గానీ, పాత రాడ్లు తుప్పుపట్టి లోపలే తెగిపోయి ఉంటాయి.

పాలకొల్లు డేటాబేస్ | ఏప్రిల్ 16, ఉదయం 10.50

సర్వర్ మెషిన్ సంగతి. 2,80,000 పెట్టక్కర్లేదు, కానీ ఉన్నది ఉన్నట్టు వదలకూడదు.

హార్డ్ డిస్క్ తీసి రెండు ఎస్ఎస్‌డీలు మిర్రర్‌లో వేయండి. ఒకటి పోయినా రెండోది నడుస్తుంది. ఇది బ్యాకప్ కాదు సుమండీ, తప్పుగా చెరిపింది రెండింట్లోనూ చెరిగిపోతుంది. ర్యామ్ 16 చేయండి. మీ వాడకానికి అంతకు మించి అక్కర్లేదు, ఎక్స్‌ప్రెస్ ఎలాగూ డేటా కోసం సుమారు 1.4 జీబీ ర్యామే వాడుకుంటుంది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, కాబట్టి 11 ప్రోకి వెళ్లండి. 8 మందికి విండోస్ సర్వర్ ఎడిషన్ కొనక్కర్లేదు, ప్రోలో షేరింగ్‌కి 20 కనెక్షన్ల దాకా వస్తాయి.

ఎక్స్‌ప్రెస్‌లో 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు. మీ ఫైలు ఎంతుందో ఇప్పుడే చూసుకోండి. దాళ్వా నడుమ అది నిండితే కొత్త టోకెన్ ఒక్కటి కూడా ఎక్కదు.

సర్వర్‌కి ఐపీ స్థిరంగా పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ కొత్త నంబరు ఇస్తే కంప్యూటర్లన్నీ పాత గుమ్మం ముందే నిలబడతాయి. స్లీప్ ఆపేయండి. యాంటీవైరస్‌కి డేటాబేస్ ఫైళ్లని వదిలేయమని చెప్పండి. ఆ మెషిన్ మీద గుమాస్తాని కూర్చోబెట్టకండి, అది ఎవరి బల్ల మీదా ఉండకూడదు.

బ్యాకప్ అంటే ఫైలు కాపీ చేయడం కాదు. నడుస్తున్న డేటాబేస్ ఫైలుని కాపీ చేయబోతే విండోస్ ఒప్పుకోదు, సర్వీసు ఆపి చేయాలి. డేటాబేస్‌కే బ్యాకప్ ఆదేశం ఇవ్వాలి. ఎక్స్‌ప్రెస్‌లో టైము పెట్టి నడిపే ఏజెంట్ ఉండదు కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో పెట్టుకోండి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి రైతు పేరు కనిపిస్తోందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు.

అంబాజీపేట కొబ్బరి | ఏప్రిల్ 16, రాత్రి 8.30

అందరూ చెప్పినవి రాసుకున్నాను. నాది వరద అనుభవం. 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు లంకలో మా గోడౌనూ, దాని పక్క ఆఫీసు గదీ మునిగాయి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, ఆ ఏడు 25 లక్షలు దాటింది. మా సర్వర్ బల్ల కింద నేల మీద ఉండేది. కాయలు ఎక్కించడంలో పడి దాన్ని మరిచిపోయాం.

ఇప్పుడు సర్వర్ మేడ మీద గోడకి బిగించిన చిన్న ర్యాక్‌లో ఉంది. కింద గదిలో వైరింగ్ పెట్టెలు కిటికీ పై ఎత్తులో. యూపీఎస్ బరువని నేల మీద పెడతారు, అదీ వద్దు, సిమెంటు అరుగు కట్టించండి. రెండో హెచ్చరిక రాగానే చివరి బ్యాకప్ తీసి ఆ డిస్కు రాజమండ్రిలో మా బావమరిది ఇంటికి పంపేస్తాం. మీ మిల్లు గట్టున ఉండొచ్చు, వానాకాలం నీళ్లు నిలిచే చోటైనా ఇదే లెక్క.

మండపేట మిల్లు | మే 9, రాత్రి 9.15

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. ఫైబర్ వేసి పద్దెనిమిది రోజులైంది. కాటా గది పింగ్ 1 లోపు, ఒక్కటీ పోలేదు. తూకం సేవ్ నొక్కిన వెంటనే టోకెన్ ప్రింటవుతోంది. ఎస్ఎస్‌డీలు, ర్యామ్, యూపీఎస్, ఫైబర్, కూలీ అన్నీ కలిపి కోటేషన్‌లో మూడో వంతు కూడా కాలేదు.

మొన్న సాయంత్రం ఈదురుగాలి వానలో గేటు పక్క కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. కాటా గది కెమెరా, తూకం చూపించే ఇండికేటర్ పోయాయి. అక్కడి కంప్యూటర్‌లో ఇండికేటర్ వైరు తగిలించిన పోర్టు కూడా. ఆఫీసులో ఏదీ పోలేదు. తణుకు అన్నగారూ, ఆ రాత్రి మిమ్మల్ని తలుచుకున్నాం ఇంటిల్లిపాదీ.

ఎక్కని లోడు రైతు మళ్లీ వచ్చాడు. టోకెన్ చేతిలో పెట్టాను.

ఫైబర్లో రెండు కోర్లు మిగిలాయి. కొత్త కెమెరాని దాని మీద తేవచ్చా?

తణుకు కేబులింగ్ | మే 9, రాత్రి 9.50

తేవచ్చు, ఇంకో జత కన్వర్టర్లు చాలు. కెమెరా డేటా రద్దీ బిల్లింగ్ లైను మీద పడకుండా విడిగా ఉంటుంది, మంచిదే. ఇండికేటర్ కొత్తది పెట్టేటప్పుడు దాని సీరియల్ వైరు 15 మీటర్లు దాటనివ్వకండి. యూఎస్‌బీ కన్వర్టర్ వాడితే ఎప్పుడూ అదే పోర్టుకి పెట్టమని గుమాస్తాకి చెప్పండి, మారిస్తే కామ్ నంబరు (ఆ పోర్టుకి విండోస్ ఇచ్చే నంబరు) మారిపోయి తూకం రాదు.

స్టీలు తీగ ఆఫీసు గోడ బయటే ఆపారా? రేపు పగటి వెలుతురులో ఒకసారి చూసి చెప్పండి.

మండపేట మిల్లు | మే 10, ఉదయం 6.30

ఇప్పుడే చూశానండి. ఆఫీసు వైపు బయటే ఉంది. కాటా గది వైపు కిటికీలోంచి లోపలికి ఒక జానెడు వచ్చింది. కటింగ్ ప్లేయర్ తెప్పిస్తున్నాను.